పది కాళ్ల చుట్టాలు: రొయ్య, పీత



ఈ నెల గోడపత్రికలో సైన్సు మూల తొమ్మిదో తరగతికి వచ్చింది. క్లాసులో అందరూ కలిసి ఆ పని నాకు అప్పగించారు. నరసాపురంలో ఉండి మనమే రొయ్య గురించి రాయకపోతే ఇంకెవరు రాస్తారని ఈ అంశం తీసుకున్నాను. వశిష్ఠ గోదావరి మన ఊరి పక్కగా పోయి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొగల్తూరు వైపు బస్సెక్కినా, భీమవరం వైపు ఎక్కినా దారి పొడుగునా చెరువులే. వాటిలో ఏరేటర్ల చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతుంటాయి. ఇన్ని రొయ్యల మధ్య ఉండి కూడా, క్లాసులో "రొయ్య ఏ జాతి జీవి?" అని అడిగితే సగం మంది "చేప" అన్నారు. నలుగురు మాత్రం "పురుగు" అన్నారు. అందరూ వాళ్లను చూసి నవ్వారు గాని, నవ్వినవాళ్లకన్నా ఆ నలుగురే నిజానికి దగ్గరగా ఉన్నారు.

చేపకు వెన్నెముక ఉంటుంది. రొయ్యను తోక దాకా చీల్చినా ఒక్క ఎముక దొరకదు. మనకి ఎముకలు లోపల, కండ పైన. రొయ్యకి కండ లోపల, గట్టి పెంకు పైన. ఆ పెంకే దాని ఎముకల గూడు. అది కైటిన్ అనే పదార్థంతో తయారై, సున్నం పట్టి గట్టిపడుతుంది. ఇలా పైన పెంకు, కీళ్లున్న కాళ్లు ఉన్న జీవులన్నిటినీ ఆర్థ్రోపొడా వర్గం అంటారు. తేలు, సాలీడు, జెర్రి, బొద్దింక, మిడత అన్నీ అందులోవే. వీటిని విడదీయడానికి సులువైన గుర్తు మీసాలు. పుస్తకంలో వాటిని స్పర్శశృంగాలు అని రాస్తారు. సాలీడుకి, తేలుకి మీసాలు ఉండవు. బొద్దింకకి ఒక జత. రొయ్యకి, పీతకి రెండు జతలు. రెండు జతల మీసాలున్న ఈ గుంపు పేరు క్రస్టేషియా. ఈమధ్య శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. పోల్చి చూసి, కీటకాలు కూడా పాతకాలపు క్రస్టేషియా కొమ్మ నుంచే వచ్చాయని తేల్చారు. అంటే బొద్దింక రొయ్యకి దూరపు చుట్టం అవుతుంది. (ఇది చదివి ఎవరూ రొయ్యల కూర మానెయ్యకండి.)

క్రస్టేషియాలో చాలా క్రమాలున్నాయి. అందులో మనకి బాగా తెలిసింది, కూరకి పనికొచ్చేది డెకాపొడా క్రమం. గ్రీకు భాషలో డెకా అంటే పది, పొడ అంటే పాదం. తెలుగులో దశపాదులు అంటారు. ఈ పేరు 1802లో లాట్రెయిల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పెట్టాడు. రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్లు, శంఖంలో దూరి బతికే సన్యాసి పీతలు అన్నీ దశపాదులే. ప్రపంచంలో ఇవి సుమారు 15,000 జాతులు ఉన్నాయి.

పుస్తకంలో బొమ్మ చూస్తే నాకు అన్నీ ఒకేలా కనపడ్డాయి. అందుకని సైన్సు టీచరుగారు మార్కెట్ నుంచి మూడు రకాలు తెచ్చారు. ఒకటి టైగరు రొయ్య, ఒకటి నీలకంఠం రొయ్య, ఒకటి మండపీత. పీత డెక్కలు తాడుతో గట్టిగా కట్టి ఉన్నాయి. ఐసులో పెట్టాక గాని తాడు విప్పనివ్వలేదు. మెస్సులోంచి తెచ్చిన స్టీలు పళ్లెంలో పెట్టి, పట్టుకారుతో ఒక్కొక్క కాలూ పీకి తెల్లకాగితం మీద వరసగా పేర్చాం.

రొయ్య కాళ్ల లెక్క

ముందు టైగరు రొయ్య. దాని ఒళ్లు రెండు ముక్కలు. ముందు భాగంలో తల, రొమ్ము కలిసిపోయి ఉంటాయి, దాన్ని శిరోవక్షం అంటారు. దాని మీద కప్పిన పెద్ద పెంకు పృష్ఠకవచం. వెనక భాగం ఉదరం, అంటే మనం తినే కండ. మనం "రొయ్య తలకాయ" అని తీసి పారేసేదాంట్లో తల ఒక్కటే కాదు, దాని గుండె, పొట్ట, మొప్పలు కూడా ఉన్నాయి. తలకాయ పిండితే వచ్చే నూనెలాంటిది దాని కాలేయ క్లోమ గ్రంథి.

తల ముందు కత్తిలా పొడుచుకొచ్చేదాన్ని రోస్ట్రం అంటారు. రొయ్య వలిచేటప్పుడు వేలికి గుచ్చుకునేది అదే. దానికి రంపంలా పళ్లుంటాయి. మా టైగరు రొయ్యకి పైన ఏడు, కింద మూడు ఉన్నాయి. రొయ్య జాతులను గుర్తుపట్టేవాళ్లు ముందు ఈ పళ్లే లెక్కపెడతారట. కళ్లు కాడల చివర ఉంటాయి. ఒక్కో కంట్లో ఎన్నో చిన్న చిన్న కళ్లు కలిసి ఉంటాయి కాబట్టి సంయుక్త నేత్రం అంటారు.

ఇక కాళ్లు. రొయ్యకి మొత్తం 19 జతల ఉపాంగాలు. తలకి ఐదు జతలు: చిన్న మీసాలు, పెద్ద మీసాలు, నమిలే దవడలు, ఆ వెనక ఇంకా రెండు జతల చిన్న దవడలు. రొమ్ముకి ఎనిమిది జతలు. అందులో మొదటి మూడు జతలు కాళ్లలా పుట్టి నోటి పనికి వెళ్లిపోయాయి, తిండిని నోట్లోకి తోస్తాయి. మిగిలిన ఐదు జతలే నడిచే కాళ్లు. ఐదు రెళ్లు పది. దశపాది అనే పేరు ఈ పదింటిని బట్టే వచ్చింది. ఉదరానికి ఆరు జతలు. ఐదు జతలు తెడ్లలాంటి ఈదే కాళ్లు. ఆరో జత వెడల్పయి, మధ్యనున్న సూది ముక్కతో కలిసి విసనకర్ర లాంటి తోక అవుతుంది. రొయ్య భయపడితే ఆ తోకను ఒక్కసారి కిందకి ముడిచి వెనక్కి దూకుతుంది. బలమంతా ఆ దూకుడు కోసమే. అందుకే దాని ఉదరం నిండా కండ.

కాగితం మీద 38 ముక్కలు పేర్చాక ఒక విషయం బాగా కనపడింది. మీసం, దవడ, డెక్క, కాలు, తెడ్డు అన్నీ ఒకే రకం ముక్కలో మార్పులు. ఒక్కో ఖండితానికి ఒక్కో జత. పని మారిన కొద్దీ ఆకారం మారింది. మన ఇళ్లలో ఒకే వెదురుతో బుట్ట, చేట, తడిక చేసినట్టు.

పీతకి తోక ఉందా?

పీతకి తోక లేదని అందరం అనుకుంటాం. ఉంది. పీతను వెల్లకిలా తిప్పండి. పొట్ట మధ్యలో అతికించినట్టు ఒక మూత కనపడుతుంది. గోటితో లేపితే లేస్తుంది. అదే ఉదరం. రొయ్యకి వెనక చాచి ఉన్న భాగమే పీతకి పలచబడి, ముడుచుకుని పొట్ట కిందకి పోయింది. మూత సన్నగా మూడు మూలలుగా ఉంటే మగది. వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. ఆడదాని మూత కింద జూలు లాంటి కాళ్లుంటాయి, గుడ్లు వాటికే అతుక్కుంటాయి.

మిగతాదంతా రొయ్య లెక్కే. రెండు జతల మీసాలున్నాయి, కళ్ల మధ్యన బాగా చిన్నవి. ఐదు జతల కాళ్లలో మొదటి జత పెద్ద డెక్కలు. మండపీతకి చివరి జత కాళ్లు తెడ్డులా బల్లపరుపుగా ఉంటాయి, వాటితో ఈదుతుంది. కంటి పక్కనుంచి పెంకు అంచుకి ఒక్కోవైపు తొమ్మిది ముళ్లు. మా కొండవాగుల్లో దొరికే పీతకి (మేం ఎండ్రకాయ అంటాం) చివరి కాళ్లు కూడా సూదిగానే ఉంటాయి. అది ఈదదు, రాళ్ల కింద పాకుతుంది, గట్టున బొరియ తవ్వుకుంటుంది. కాలు చూసి అది ఎక్కడ బతుకుతుందో చెప్పొచ్చు.

పీత కాలు పట్టుకుంటే విరిగి మన చేతిలో ఉండిపోతుంది గదా. మనం విరిచామనుకుంటాం, నిజానికి చాలాసార్లు అదే వదిలేస్తుంది. కాలి మొదట్లో దానికోసమే ఒక గీత ఉంటుంది. అక్కడ తెగితే రక్తం ఎక్కువ పోదు. తర్వాత పెంకు విడిచినప్పుడల్లా కొత్త కాలు కొంచెం కొంచెంగా పెరుగుతుంది.

గట్టు మీద పెట్టిన పీత నురగ కక్కుతుంది. కోపంతో అని మా చిన్నప్పుడు చెప్పేవారు. పీత మొప్పలు పెంకు కింద రెండు పక్కలా గదుల్లో ఉంటాయి. నీళ్లు డెక్కల మొదట్లోంచి లోపలికి పోయి, మొప్పలను తడిపి, నోటి పక్కనుంచి బయటికి వస్తాయి. ఒక చిన్న దవడ ముక్క ఆగకుండా ఆడుతూ ఆ నీళ్లు తోడుతుంది. గట్టుమీద కొత్త నీళ్లు దొరక్క, ఉన్న నీటితోనే గాలి కలిపి తోడుతుంటే నురగ వస్తుంది. అంటే అది ఊపిరి కోసం కష్టపడుతోంది.

లోపల ఏముంది

రొయ్య వలిచేటప్పుడు వీపు మీద నల్లగా లాగే దాన్ని నరం అంటాం. అది నరం కాదు, పేగు. అసలు నరం పొట్ట వైపు ఉంది. గుండె వీపు వైపు. మనకి వెన్నుపాము వెనక, గుండె ముందు గదా, దానికి తిరగేసి ఉంది. రక్తం గొట్టాల్లోనే తిరగకుండా ఒంట్లో ఖాళీల్లోకి వదులుగా పారుతుంది. మన రక్తంలో ఇనుము ఉంటుంది, దాని రక్తంలో రాగి ఉంటుంది. అందుకని ఎర్రగా ఉండదు, గాలి తగిలితే లేత నీలం రంగు వస్తుంది. పీత పొట్టలో పళ్లుంటాయి. తిన్నది పొట్టలోకి పోయాక అక్కడ మళ్లీ నూరుతుంది. నోట్లో నమిలి పొట్టలో మళ్లీ నమలడం మన హాస్టల్లో కొందరికి బాగా పనికొచ్చేది, బెల్లు కొట్టేలోపు తినేసెయ్యొచ్చు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. రొయ్యకి పైన ఏదో కింద ఏదో ఎలా తెలుస్తుంది? చిన్న మీసాల మొదట్లో ఒక చిన్న సంచి ఉంటుంది. దాంట్లో ఇసక రేణువులుంటాయి. రొయ్యే ఆ రేణువులు ఏరుకుని లోపల పెట్టుకుంటుంది. రేణువు ఎటు ఒరిగితే అటు కిందవైపు అని తెలుస్తుంది. పెంకు విడిచినప్పుడు సంచి పొర కూడా ఊడిపోతుంది గనక మళ్లీ కొత్త ఇసక పెట్టుకోవాలి. 1893లో వియన్నాలో క్రైడల్ అనే ఆయన, పెంకు విడిచిన రొయ్యలకి ఇసక బదులు ఇనుప రజను ఇచ్చాడు. అవి దాన్నే సంచిలో పెట్టుకున్నాయి. అప్పుడు పైనుంచి అయస్కాంతం చూపిస్తే, ఇనుము పైకి లాగబడి, రొయ్యలు పైనే నేల ఉందనుకుని తలకిందులుగా తిరిగాయి.

పెంకు విడవడాన్ని నిర్మోచనం అంటారు. పెంకు సాగదు కాబట్టి పెరగాలంటే విడవాల్సిందే. పృష్ఠకవచానికి, ఉదరానికి మధ్య అతుకు విచ్చుకుని, రొయ్య ఆ సందులోంచి కాళ్లు, మీసాలు, కంటి పొరతో సహా జారి బయటికి వస్తుంది. వెంటనే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. కొత్త పెంకు గట్టిపడేదాకా మెత్తగా ఉంటుంది. అప్పుడు పక్క రొయ్యలే దాన్ని తినేస్తాయి. అమావాస్యకీ పున్నమికీ ఎక్కువగా పెంకు విడుస్తాయని చెరువుల రైతులు చెబుతారు, ఆ రోజుల్లో జాగ్రత్తగా ఉంటారు.

ఎవరికి ఎవరు దగ్గర?

ఇప్పుడు అసలు చిక్కు. మా పళ్లెంలో మూడు ఉన్నాయి గదా, వాటిలో దగ్గర చుట్టాలు ఎవరు? అందరూ "రెండు రొయ్యలూ ఒకటి, పీత వేరు" అన్నారు. పాతకాలం శాస్త్రజ్ఞులూ అలాగే అన్నారు. 1880లో బోయాస్ అనే ఆయన దశపాదులను ఈదేవి, పాకేవి అని రెండుగా విడదీశాడు. మా అమ్మమ్మను అడిగినా అలాగే విడదీస్తుంది. చాలాకాలం పుస్తకాల్లో అదే ఉండేది.

కాని మొప్పలు, గుడ్లు చూస్తే లెక్క మారిపోతుంది. టైగరు రొయ్య మొప్పలు చెట్టు కొమ్మల్లా చీలి చీలి ఉంటాయి. నీలకంఠం రొయ్య మొప్పలు పుస్తకం పేజీల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. మండపీతవి కూడా పేజీల్లాగే ఉన్నాయి! ఇక గుడ్లు. టైగరు రొయ్య సముద్రంలో గుడ్లు వదిలేసి పోతుంది. నీలకంఠం రొయ్య తన గుడ్లను ఈదే కాళ్లకి అంటించుకుని, పిల్లలయ్యేదాకా మోస్తుంది. పీత కూడా మోస్తుంది. అందుకని 1963లో బర్కెన్‌రోడ్ అనే శాస్త్రజ్ఞుడు దశపాదులను గుడ్లు వదిలేసేవి, గుడ్లు మోసేవి అని రెండు ఉపక్రమాలు చేశాడు. మొదటిది డెండ్రోబ్రాంకియేటా. టైగరు, వనామీ అందులోవి. రెండోది ప్లియోసయమేటా. నీలకంఠం, పీతలు, లాబ్‌స్టర్లు, సన్యాసి పీతలు అన్నీ అందులోవి. అంటే నీలకంఠం రొయ్యకి చూడ్డానికి తనలాగే ఉన్న టైగరు రొయ్య కన్నా, ఏ పోలికా కనపడని మండపీతే దగ్గర చుట్టం. తర్వాత డి.ఎన్.ఏ. పరీక్షలు కూడా ఈ విభజన సరైందే అన్నాయి.

మొప్పలు చూడాలంటే కొయ్యాలి. కొయ్యకుండా చెప్పడానికి రెండు గుర్తులున్నాయి. ఉదరం మీద పెంకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. టైగరుకి, వనామీకి మొదటిది రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద, అలా వరసగా ఉంటాయి. నీలకంఠానికి రెండో పెంకు వెడల్పుగా ఉండి మొదటిదాన్నీ మూడోదాన్నీ రెండింటినీ కప్పుతుంది. ఇంకో గుర్తు డెక్కలు. టైగరుకి మొదటి మూడు జతల కాళ్లకి చిన్న డెక్కలు ఉంటాయి. నీలకంఠానికి రెండు జతలకే. కాని మగదాని రెండో జత నీలంగా, ఒంటికన్నా పొడుగ్గా పెరుగుతుంది.

సన్యాసి పీతల గుంపు వేరే. వాటికి చివరి కాళ్లు బాగా చిన్నవి, లోపలికి ముడుచుకుని ఉంటాయి, పైకి లెక్కపెడితే పది రావు. విశాఖపట్నం వైపు రాళ్ల సముద్రంలో దొరికే ముళ్ల లాబ్‌స్టరుకి పెద్ద డెక్కలే ఉండవు. వాటి గురించి ఇంకా చదవాలి. పేరుపాలెం బీచిలో బొరియల్లోకి పరిగెత్తేవి మాత్రం అసలు పీతలే.

చుట్టరికం తెలిస్తే ఏం లాభం?

చెరువు గట్ల చుట్టూ అడుగున్నర ఎత్తున వల గాని, ప్లాస్టిక్ పట్టా గాని కట్టి ఉండటం చూసే ఉంటారు. పశువులు రాకుండా అయితే అంత పొట్టిగా ఎందుకు కడతారు? అది పీతల కంచె. 1994, 95 సంవత్సరాల్లో మన కోస్తా చెరువులకి తెల్లమచ్చల వైరస్ వచ్చింది. టైగరు రొయ్యలు పెంకు మీద తెల్ల మచ్చలు వచ్చి, చెరువులకు చెరువులు కొద్ది రోజుల్లోనే చచ్చిపోయాయి. ఎంతోమంది రైతులు అప్పుల పాలయ్యారు. ఆ వైరస్ దశపాదులన్నిటికీ అంటుతుంది. పీతకి అంటితే పీత చాలాసార్లు బాగానే తిరుగుతుంది, కాని ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకుతూ వైరస్‌ను మోసుకుపోతుంది. చేపకి అంటదు, మనిషికి అంటదు. వాటికి ఆ చుట్టరికం లేదు కదా. రోగాలు లేని తల్లి రొయ్యలు దొరుకుతాయని 2009లో వనామీ పెంపకానికి మన దేశంలో అనుమతి ఇచ్చారు. వనామీ అసలు ఊరు అమెరికా ఖండంలో పసిఫిక్ సముద్రం ఒడ్డు. దానికీ ఆ వైరస్ అంటుతుంది. అందుకే వనామీ చెరువుకి పీతల కంచె, పైన పక్షులు రాకుండా దారాలు ఉండాలని కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన పెట్టింది.

రెండోది మన మెస్సుకి సంబంధించింది. కొందరికి రొయ్య పడదు. తిన్నాక దద్దుర్లు, పెదాల వాపు, కొందరికి ఊపిరి ఆడకపోవడం కూడా వస్తాయి. దానికి ముఖ్య కారణం రొయ్య కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తు. పీతలో కూడా దాదాపు అదే ఉంటుంది. కాబట్టి రొయ్య పడనివాళ్లకి పీత కూడా పడకపోవచ్చు. బాగా వేపితే పోతుంది అంటారు, పోదు. అది వేడికి చెడదు. ఎండు రొయ్యల పొడిలో కూడా ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చిన పచ్చడి పక్క కంచంలో వేసేముందు, "ఇందులో ఎండు రొయ్య ఉంది, నీకు పడుద్దా?" అని అడగండే. చేపలో పడకుండా చేసే మాంసకృత్తు వేరు, అందుకని రొయ్య పడనివాళ్లలో చాలామంది చేప తింటారు. ఎవరికి ఏది పడుతుందో డాక్టరుగారే చెప్పాలి. వార్డెన్ మేడంగారికి ఒక మనవి. ఎవరి ఆరోగ్య కార్డులోనైనా "రొయ్య పడదు" అని రాసి ఉంటే, పక్కన "పీత కూడా అడగవలెను" అని రాయించండి మేడం. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

కొండ పీత, కొండ దగ్గు

నేను రాయాలనుకున్నది ముఖ్యంగా ఇది. సెలవులకు ఇళ్లకు పోయే ముందు అందరూ చదవాలి.

మండపీత ఆడది గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోతుంది. లక్షల గుడ్లు. వాటిలోంచి పీతలా కనపడని చిన్న చిన్న ముళ్ల పిల్లలు పుట్టి, నీటిలో తేలుతూ రూపాలు మార్చుకుని, చివరికి పీత అవుతాయి. నీలకంఠం గోదావరి తీపి నీటిలో పెరుగుతుంది, కాని దాని పిల్లలు బతకాలంటే కొంచెం ఉప్పు కావాలి. అందుకని తల్లి గుడ్లు మోసుకుని ఏటికి దిగువన మన నరసాపురం వైపు ఉప్పునీరు కలిసే చోటికి వస్తుంది. పిల్లలు పెరిగి మళ్లీ ఏటికి ఎదురు పోతాయి. మధ్యలో ఆనకట్ట ఉంటే ఆ రాకపోకలు కష్టం.

కొండవాగు పీతకి సముద్రంతో పనే లేదు. అది పెట్టేవి కొన్ని వందల గుడ్లే, కాని పెద్దవి. రూపాలు మారడం అంతా గుడ్డులోనే అయిపోయి, బయటికి వచ్చేటప్పటికే బుల్లి పీతలు. తల్లి వాటిని పొట్ట మూత కింద కొన్నాళ్లు మోస్తుంది. మన పొలాల్లో, వాగుల్లో దొరికే ఈ తీపినీటి పీతల మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చాలా పరిశోధనలు జరిగాయి.

మా బుట్టాయిగూడెం అవతలి కొండల్లో పిల్లలం వాగులో ఎండ్రకాయలు పట్టి, అక్కడే పుల్లలు పోగేసి నిప్పుల మీద కాలుస్తాం. ఎర్రబడగానే తీసి తింటాం. ఇక్కడే ఒక సంగతి ఉంది. పీత, రొయ్య పెంకులో ఎర్ర రంగు మొదటి నుంచీ ఉంటుంది. దాని పేరు అస్టాక్సాంతిన్. పచ్చిగా ఉన్నప్పుడు ఒక మాంసకృత్తు దాన్ని పట్టుకుని ఉండటం వల్ల నీలంగా, పచ్చగా కనపడుతుంది. వేడి తగిలితే ఆ పట్టు వదిలి ఎరుపు బయటపడుతుంది. అంటే ఎర్రబడింది పెంకు. నిప్పు ముందు తగిలేది దానికే. లోపల కండ గదులు గదులుగా, సన్న గోడల మధ్య ఉంటుంది, అక్కడికి వేడి ఇంకా పోకపోవచ్చు. పైన ఎరుపు, లోపల పచ్చి.

పచ్చిగా తింటే ఏమవుతుంది? కొన్ని చోట్ల తీపినీటి పీతల కండలో, మొప్పల్లో ఒక పురుగు పిల్లలు దాక్కుని ఉంటాయి. దాని పేరు పారగోనిమస్, ఊపిరితిత్తుల పురుగు. మనిషి కఫంలో, మలంలో దాని గుడ్లు వాగులోకి పోతాయి. అక్కడ నత్తలో కొన్నాళ్లు, తర్వాత పీతలో కొన్నాళ్లు ఉంటుంది. ఉడకని పీతను తిన్న మనిషి పేగులోంచి బయటపడి ఊపిరితిత్తుల్లోకి చేరి గూడు కడుతుంది. నెలల తరబడి దగ్గు, ఛాతీలో నొప్పి, కఫంలో తుప్పు రంగు రక్తం. అచ్చం టీబీ లాగే. మణిపూర్, నాగాలాండ్, అరుణాచల్ ప్రదేశ్ రాష్ట్రాల్లో ఈ జబ్బు ఉంది. మణిపూర్‌లో 1980ల్లో దాన్ని గుర్తించారు. అంతకుముందు, ఆ తర్వాత కూడా ఎంతోమంది టీబీ అనుకుని నెలల కొద్దీ టీబీ మందులు మింగారు, తగ్గలేదు. వాళ్లూ మనలాగే కొండవాగుల పీతలు తినేవాళ్లు. కఫంలో టీబీ సూక్ష్మజీవి దొరకకుండా దగ్గు తగ్గకపోతే, "మేం వాగు పీతలు తింటాం" అన్న మాట డాక్టరుగారికి చెప్పాలి. మనం చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది? కఫంలో గుడ్లు చూసి కనిపెట్టొచ్చు. ప్రాజిక్వాంటెల్ అనే మాత్రలతో తగ్గుతుంది.

పీతలు తినడం మానమని నేను చెప్పడంలేదు. మానమన్నా మా తమ్ముడు వినడు. కుండలో నీళ్లు తెర్లేటట్టు మరిగించి, డెక్క పగలగొడితే లోపల కండ తెల్లగా గట్టిగా వచ్చేదాకా ఉడకనివ్వాలి. గాజులా, జిగటగా ఉంటే ఇంకా పచ్చే. పీతను కడిగిన కత్తి, చేతులు, ముక్కాలిపీట కూడా సబ్బుతో కడగాలి, ఎందుకంటే పురుగు పిల్లలు వాటికీ అంటుకుని ఉండొచ్చు. చచ్చి ఒడ్డుకొచ్చిన పీతను మాత్రం ఏరుకోవద్దు, పీత కండ చచ్చాక తొందరగా చెడుతుంది.

మన నరసాపురం మండలంలోనే ఫిషరీస్ యూనివర్సిటీకి 2022 నవంబరులో శంకుస్థాపన చేశారు. కొండవాగు పీతల మీద అక్కడ ఎవరైనా చదువుతారేమో. మా వాగులో ఎన్ని రకాలున్నాయో నేను సెలవుల్లో గీసి తెస్తాను. మీ మీ ఊళ్లలో ఉన్నవి మీరూ గీసి తెండి. పెంకు, చివరి కాలు, పొట్ట మూత, ఈ మూడూ కనపడేలా గీస్తే చాలు.

మేం చీల్చిన టైగరు రొయ్య కాళ్లు 38 అట్ట మీద అంటించి పక్కన వేలాడదీశాం. నీలకంఠం, మండపీత సైన్సు గది కిటికీ దగ్గర గాజుసీసాల్లో ఉన్నాయి. రెండో పెంకు చూడాలంటే సీసాను మెల్లగా తిప్పి వెలుగుకి పట్టుకోండి. మూత తియ్యకండి, ఫార్మలిన్ కళ్లు మండిస్తుంది.